తల్లిరాయి వెతికిన పింగళి వెంకయ్య గారు

మన హాస్టల్లో ఆగస్టు 15 వచ్చిందంటే ముందు రోజు సాయంత్రం నుంచే హడావిడి. కొందరు రంగు కాగితాలు కత్తిరిస్తే, కొందరు మైదాపిండి ఉడికించిన జిగురుతో వాటిని పురికొసకు అంటిస్తారు. తెల్లవారి జెండా ఎగరేసి చాక్లెట్లు పంచాక క్విజ్ పోటీ ఉంటుంది. అందులో ఏటా తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. జాతీయ జెండా రూపకర్త ఎవరు? ప్రశ్న పూర్తికాకముందే వరండా అంతా ఒక్క గొంతుతో పింగళి వెంకయ్య అని అరుస్తుంది. మూడవ తరగతి తమ్ముడికి కూడా తెలిసిన జవాబది.

పోయినసారి మేము క్విజ్ మాస్టరుగా ఉండి ఇంకొక ప్రశ్న అడిగాము. వెంకయ్య గారు జీవితంలో ఎక్కువ కాలం చేసిన పని ఏమిటి? అందరూ మౌనం. డిగ్రీ చదివే అన్నలు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు మాకు కూడా సగమే తెలుసు. మిగతా సగం తర్వాత తెలుసుకుని ఈ వార్షికోత్సవ సంచికకు రాస్తున్నాము.

ముందుగా మన నేల గురించి ఒక మాట. గుడివాడ నుంచి బందరు దాకా, బందరు నుంచి అవనిగడ్డ, నాగాయలంక దాకా ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుక, ఇంకా లోతుకు పోతే ఉప్పునీళ్ళు. రాయి తగలదు. రోడ్డుకు వేసే కంకర, రైలు పట్టాల కింద కంకర ఎక్కడి నుంచో రావలసిందే. ఇంట్లో రోలు, సన్నికల్లు కూడా ఏ కొండ దగ్గరో చెక్కి తెచ్చినవే. ఘంటసాలలో బయటపడిన బౌద్ధ శిల్పాల సున్నపురాయి కూడా ఎగువ నుంచి తెచ్చిందే. చిన్నప్పుడు మామిడికాయ రాల్చాలంటే దివిసీమ పిల్లలకు దొరికేది మట్టిగడ్డే. అది కాయను తాకేలోపే పొడైపోతుంది.

ఇలాంటి నేలలో, కూచిపూడికి దగ్గరలో ఉన్న భట్లపెనుమర్రు గ్రామంలో 1876 ఆగస్టు 2న వెంకయ్య గారు జన్మించారు. తల్లి వెంకటరత్నమ్మ, తండ్రి హనుమంతరాయుడు. చదువు చల్లపల్లిలో మొదలై మచిలీపట్నం హిందూ హైస్కూలులో సాగింది. రాయి లేని ఊళ్ళో పుట్టిన మనిషి రాళ్ళ మనిషి ఎలా అయ్యాడన్నదే మమ్మల్ని మొదట ఆకర్షించిన విషయం.

ఆ దారి తిన్నగా సాగలేదు. యువకుడిగా సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్ళారు. అది 1899 నుంచి 1902 వరకు జరిగిన యుద్ధం. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగింది. తిరిగి వచ్చాక కొన్నాళ్ళు రైల్వే గార్డు. ఆ తర్వాత బళ్ళారి ప్రాంతంలో ప్లేగు నివారణ ఉద్యోగం. అదీ వదిలి లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపాను భాషలు నేర్చుకున్నారు. 1913లో బాపట్ల సభలో జపాను భాషలో మాట్లాడినందుకు జపాన్ వెంకయ్య అనే పేరు వచ్చిందంటారు. అంతకుముందు 1906 నుంచి 1911 వరకు మునగాల సంస్థానంలోని నడిగూడెంలో ఉండి కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు. దాంతో పత్తి వెంకయ్య అయ్యారు. ఒక మనిషికి ఇన్ని మారుపేర్లు వచ్చాయంటే ఒకచోట నిలకడ లేదని కొందరు అనుకోవచ్చు. మాకు అలా అనిపించలేదు. ఏ పని పట్టుకున్నా దాని పేరు తన పేరుకు అతుక్కునేంత దాకా వదల్లేదని అనిపించింది.

ఆ తర్వాత వచ్చింది మన బందరు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు కలిసి స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో వెంకయ్య గారు ఉపాధ్యాయులుగా చేరారు. అక్కడ వ్యవసాయం, చరిత్ర బోధించారు. విద్యార్థులకు డ్రిల్లు కూడా నేర్పారు. సైన్యంలో పనిచేసిన మనిషికి జెండా అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. పరాయి జెండాకు వందనం చేసి వచ్చిన మనిషి మన జెండా ఏదని వెతుక్కోవడం సహజం. 1916లో భారతదేశానికి ఒక జాతీయ జెండా కావాలంటూ ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. అందులో 30 నమూనాలు ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి కాంగ్రెస్ సభలోనూ ఈ విషయం ఎత్తుతూనే వచ్చారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీజీ అడిగిన మీదట వెంకయ్య గారు అప్పటికప్పుడు ఒక జెండా తయారుచేసి ఇచ్చారు. తోటి ఉపాధ్యాయులు ఈరంకి వెంకటశాస్త్రి గారు సాయం చేశారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో రాట్నం. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ గారిది. గాంధీజీ ఆ రెండు రంగులకు తెలుపు కూడా చేర్చమన్నారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు, తెలుపు మిగిలిన మతాలవారందరికీ గుర్తుగా చెప్పుకున్నారు. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, వాటి మీద రాట్నం. అప్పటి జెండా అది.

పాఠ్యపుస్తకంలో ఆయన కథ ఇక్కడితో అయిపోతుంది. అప్పటికి ఆయన వయసు 44. ఇంకా 42 ఏళ్ళు జీవించారు. ఆ 42 ఏళ్ళలో ఎక్కువ భాగం రాళ్ళతోనే గడిపారు.

1924 నుంచి 1944 దాకా వెంకయ్య గారు నెల్లూరులో ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. అభ్రకం అంటే మనం కాకిబంగారం అనేదే. పొరలు పొరలుగా ఊడివస్తుంది, వేడికి కాలదు, విద్యుత్తును పోనివ్వదు. ఇప్పటి తమ్ముళ్ళు ఇస్త్రీపెట్టె పాతది దొరికితే విప్పి చూడండి, లోపల పల్చటి అభ్రకం రేకు ఉంటుంది. ఆ రోజుల్లో విద్యుత్ పరికరాలకు, రేడియోలకు, యుద్ధకాలంలో విమానాల విడిభాగాలకు అభ్రకం లేనిదే గడిచేది కాదు. గూడూరు చుట్టుపక్కల గనుల్లో దొరికే లేతాకుపచ్చ అభ్రకానికి విదేశాల్లో పేరుండేది. అభ్రకం ఉండే శిలను పెగ్మటైట్ అంటారు. అందులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం పెద్ద పెద్ద స్ఫటికాలుగా ఉంటాయి.

వజ్రాల మీద కూడా ఆయన చాలా శ్రమించారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో తిరిగారు. తొలకరి వానలు పడ్డాక పొలాల్లో జనం వరసలు కట్టి వజ్రాలు వెతికే ఊరు అదే. ఇప్పటికీ వెతుకుతారు. హంపి ప్రాంతంలోని ఖనిజాలను కూడా పరిశీలించారు. జనం ఆయన్ను డైమండ్ వెంకయ్య అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఆయన్ను ఖనిజ పరిశోధన సలహాదారుగా నియమించింది. 1955లో తన పరిశోధనలను వజ్రపు తల్లిరాయి అనే గ్రంథంగా వెలువరించారు.

తల్లిరాయి అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మా ఎమ్మెస్సీ జియాలజీ చదువులో మేము చేసిన ఒక తప్పు చెబితే గానీ ఆ మాట బరువు తెలియదు.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో మా ముందు ఒక రాయి పెట్టారు. పాచిక లాగా ఆరు ముఖాల ఘనం. ముఖాల మీద సన్నటి గీతలు. గీతలున్న ఘనం అంటే పైరైట్ అని మాకు కంఠస్థం. మూర్ఖుల బంగారం అంటారే, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, అది. ధీమాగా పైరైట్ అని రాసేశాము. మాస్టారు ఏమీ అనకుండా ఆ రాయిని తెల్లటి పింగాణీ పలక మీద గీశారు. పైరైట్ అయితే ఆకుపచ్చ ఛాయగల నల్లని గీత పడాలి. ఇక్కడ పసుపు కలిసిన గోధుమరంగు గీత పడింది. తుప్పు రంగు. అది లిమొనైట్. అప్పుడు చేతిలోకి తీసుకుని చూస్తే పైరైట్‌కు ఉండవలసిన బరువు లేదు, మెరుపు లేదు. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఆకారం చూసి మోసపోయాము. మార్కులు పోయాయి గానీ ఆ రాయి మాత్రం మనసులో ఉండిపోయింది.

జరిగిందేమిటంటే, ఎప్పుడో అక్కడ నిజంగానే పైరైట్ ఘనం ఏర్పడింది. తర్వాత నేలలోకి దిగిన నీళ్ళు, గాలిలోని ఆక్సిజన్ దాన్ని పట్టుకున్నాయి. గంధకం ఆమ్లంగా మారి నీళ్ళతో పోయింది. ఇనుము ఉన్నచోటే ఉండి తుప్పు ఖనిజంగా మారింది. లోపలి పదార్థం మారింది, పై ఆకారం మారలేదు. దీన్ని జియాలజీలో సూడోమార్ఫ్ అంటారు. తెలుగులో అరువు రూపం అనుకుంటే సరిపోతుంది.

పదార్థం పోతుంటే ఆకారం ఎలా నిలుస్తుంది? మన పూరిళ్ళకు వాసాలు మార్చడం చూసే ఉంటారు. చెదపట్టిన వాసాలన్నీ ఒకేసారి లాగేస్తే కప్పు కూలుతుంది. ఒక వాసం తీసి అక్కడే కొత్తది పెట్టి, ఆ తర్వాత రెండోది తీస్తే, చివరికి పాత కర్ర ఒక్కటీ మిగలదు, ఇల్లు మాత్రం అదే ఇల్లు. రాయిలోనూ అంతే. పాత ఖనిజానికీ కొత్త ఖనిజానికీ మధ్య కంటికి కనిపించనంత పల్చటి నీటిపొర ఉంటుంది. ఒక పక్క పాతది ఎంత కరుగుతుందో ఇంకో పక్క అంత మేరకు కొత్తది గట్టిపడుతుంది. రెండూ జంటగా నడవాలి. కరగడం ముందుకు పోయి గట్టిపడడం వెనకబడితే గుల్ల మిగులుతుంది.

నెల్లూరు పెగ్మటైట్లలోనూ ఇలాంటి మార్పు కనిపిస్తుంది. ఫెల్డ్‌స్పార్ స్ఫటికం దాని పలకల ఆకారంలోనే ఉంటుంది, చేత్తో నలిపితే తెల్లటి సుద్దమట్టిలా పొడవుతుంది. అది కేయొలిన్‌గా మారిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ గనుల చుట్టూ తిరిగిన వెంకయ్య గారికి ఇవి ఎదురుపడకుండా ఉండే అవకాశం లేదు.

ఇప్పుడు వజ్రపు తల్లిరాయి దగ్గరికి వద్దాం. వజ్రాలు భూమిలో సుమారు 150 కిలోమీటర్లు, ఆ పైన లోతులో పుడతాయి. అంత లోతు నుంచి వాటిని పైకి మోసుకొచ్చే శిలను కింబర్లైట్ అంటారు. వజ్రకరూరు దగ్గర ఉన్నది అదే. దాని వయసు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. ఆ శిలలో ముఖ్యమైన ఖనిజం ఆలివిన్. ఆలివిన్ గాజును గీసేంత గట్టిది. కానీ కింబర్లైట్ ముక్క పగలగొట్టి చూస్తే ఆలివిన్ ఆకారంలో గుండ్రటి గింజలు కనిపిస్తాయి గానీ, చాకుతో గీస్తే మెత్తగా గీత పడుతుంది. ఆలివిన్ పోయి దాని చోట సర్పెంటైన్ వచ్చి కూర్చుంది. కొన్నిచోట్ల కాల్సైట్ కూర్చుంది. అంటే వజ్రపు తల్లిరాయి నిండా అరువు రూపాలే. ఎండకూ వానకూ శిథిలమయ్యాక పైభాగం పసుపు మట్టి అయిపోతుంది. దున్నే రైతుకు అది మామూలు చెలక. ఆ మట్టిలో గార్నెట్, ఇల్మనైట్ గింజలు గుర్తుపట్టి, కింద పోయిన ఆలివిన్ ఆకారాన్ని గుర్తుపట్టి, ఇది ఒకప్పుడు ఫలానా అని చెప్పగలిగినవాడే వజ్రం జాడ చెప్పగలడు. వజ్రం దొరికిన చోట వెతకడం అందరూ చేస్తారు. అది ఏ రాయి కడుపున పుట్టిందని అడగడం వేరు. పుస్తకానికి ఆ పేరు పెట్టిన మనిషి ఆ రెండో ప్రశ్న అడిగినవాడని పేరే చెబుతోంది.

ఇంకొక సంగతి. 1652లో వజ్రాల వ్యాపారి తావెర్నియే అనే ఫ్రెంచివాడు మన మచిలీపట్నం రేవులోనే ఓడ దిగాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు చూసి రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. వజ్రాలు మన ఊరి మీదుగానే వెళ్ళాయి, మన ఊరికి మిగిలింది రేవు పేరు.

మళ్ళీ జెండా దగ్గరికి వస్తాము. వెంకయ్య గారు ఇచ్చిన జెండా అలాగే ఉండిపోలేదు. 1931లో బొంబాయి కాంగ్రెస్ కమిటీ సమావేశం ఎరుపు తీసి కాషాయం పెట్టింది. వరస మార్చి తెలుపును మధ్యకు తెచ్చింది. రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానించింది. 1921లో రెండు మతాలకు చెరొక రంగు ఇచ్చి మిగతా అందరినీ తెలుపులో చేర్చినప్పుడు, ఊరి చివర ఉండే మన తాతలు ఏ రంగులో ఉన్నారని విడిగా ఎవరూ అడగలేదు. అందుకే 1931 నాటి మార్పు చిన్నది కాదని మా అభిప్రాయం. 1947లో రాజ్యాంగ సభ జెండా కోసం వేసిన కమిటీకి రాజేంద్రప్రసాద్ గారు అధ్యక్షులు. అందులో అంబేద్కర్ గారు సభ్యులు. ఈ సంగతి మన క్విజ్‌లో ఒక్కసారి కూడా అడగలేదు. 1947 జులై 22న సభ జెండాను ఆమోదించింది. రాట్నం పోయి సారనాథ్ అశోక స్తంభం మీది 24 ఆకుల చక్రం వచ్చింది. ఆ చక్రం అమర్చిన రూపం తయారీలో బద్రుద్దీన్ త్యాబ్జీ, సురయ్యా త్యాబ్జీ దంపతుల పాత్ర ఉందని చెబుతారు.

దీని మీద వాదనలు ఉన్నాయి. ఎరుపు లేదు, రాట్నం లేదు, వరస కూడా ఆయన పెట్టింది కాదు, కాబట్టి ఈ జెండా వెంకయ్య గారిది కాదని కొందరు. అంతా ఆయనదే, ఇంకెవరి పేరూ ఎత్తవద్దని మన జిల్లా అభిమానులు. మాకు రెండూ సరిగా అనిపించలేదు. జియాలజీ మ్యూజియంలో అరువు రూపం రాయి కింద చీటీ ఎలా రాస్తారో చూడండి. ఉత్త లిమొనైట్ అని రాయరు, ఉత్త పైరైట్ అని అసలే రాయరు. పైరైట్ రూపంలో లిమొనైట్ అని రెండు పేర్లూ రాస్తారు. ఒక పేరు ఇప్పుడున్న పదార్థానిది, ఒక పేరు ఆకారం ఇచ్చి వెళ్ళినదానిది. ఏది వదిలేసినా చీటీ తప్పే. జెండా కింద చీటీ రాయమంటే మేము వెంకయ్య గారి పేరూ రాస్తాము, చక్రం పెట్టిన వారి పేరూ రాస్తాము. మూడు రంగులు అడ్డంగా, నడుమ తిరిగే గుర్తు ఒకటి అన్న కూర్పు బెజవాడలో మొదలైంది. తర్వాత వాసం వాసం మారింది.

చీటీ సంగతి రాస్తుంటే ఒకటి గుర్తుకొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఊరెళితే ఇప్పటికీ ఫలానా వాళ్ళ అబ్బాయి అని నాన్న పేరుతోనే పిలుస్తారు. ఇంటర్లో అది చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు లేదు.

వెంకయ్య గారి చివరి రోజుల గురించి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. సలహాదారు పదవి 1960 వరకే. తర్వాత విజయవాడలో పేదరికంలో గడిపారు. దేశం మొత్తం వందనం చేసే జెండా ఇచ్చిన మనిషికి, భూమిలో సంపద ఎక్కడుందో వెతికి చెప్పిన మనిషికి, సొంతంగా మిగిలిన సంపద లేదు. 1963 జనవరిలో విజయవాడలో పెద్దలు సన్మానం చేసి కొంత నిధి అందించారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1963 జులై 4న కన్నుమూశారు. తన దేహం మీద జెండా కప్పి, దహనానికి ముందు దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని కోరారని చెబుతారు. 2009లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. చనిపోయిన 46 ఏళ్ళకు.

ఇక తమ్ముళ్ళకూ, పాత విద్యార్థులైన అన్నలకూ ఒక విన్నపం. వజ్రపు తల్లిరాయి పుస్తకం మా చేతికి ఇంతవరకు దొరకలేదు. మన హాస్టల్ బీరువాలో లేదు. పాత పుస్తకాలు అమ్మే ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాము. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు ఎవరి ఇంట్లోనైనా, ఏ గ్రంథాలయంలోనైనా కనిపిస్తే అసలు ప్రతి ఇవ్వనక్కరలేదు, జిరాక్స్ తీయించి హాస్టల్ ఆఫీసులో ఇవ్వండి. ఖర్చు మేము పెట్టుకుంటాము. పైరైట్ రూపంలో ఉన్న లిమొనైట్ రాయి ఒకటి కూడా సంపాదించాము. బీరువా పై అరలో, రెండు పేర్లు రాసిన చీటీతో పెట్టాము. చేతిలోకి తీసుకుని చూడవచ్చు, పక్కనే తెల్ల పలక కూడా ఉంది. గీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టండి.